కొండెక్కిన నీళ్లు: యుస్టింగెన్ ఊరి కథ, అక్కడి అద్దె కాపురం

దక్షిణ జర్మనీలో ఉల్మ్ నగరానికి పడమటగా, స్వేబియన్ ఆల్బ్ అనే సున్నపురాతి పీఠభూమి మీద యుస్టింగెన్ ఉంది. సముద్రమట్టానికి దాదాపు 750 మీటర్ల ఎత్తు. ఉల్మ్‌లోనో, మొబైల్ క్రేన్లు తయారయ్యే ఎహింగెన్‌లోనో ఉద్యోగం వచ్చి, నగరంలో అద్దెలు అందక చుట్టుపక్కల పల్లెల్లో ఇల్లు వెతుక్కునేవాళ్లకు ఇలాంటి ఊళ్లే కనిపిస్తాయి. చేరే ముందు ఊరి నీళ్ల చరిత్ర కాస్త తెలుసుకోవడం మంచిది. మీటరు, హైడ్రాంటు (మంటలార్పడానికి నీళ్లు పట్టుకునే వీధి కుళాయి), స్వచ్ఛంద అగ్నిమాపక దళం అంటే ఇక్కడివాళ్లకు అంత పట్టింపు ఎందుకో అప్పుడే బోధపడుతుంది.

ఆల్బ్ మీద వానలకు లోటు లేదు. లోటంతా నేలలోనే. సున్నపురాతిని వాననీరు వేల ఏళ్లుగా కరిగిస్తూ పగుళ్లు, గుహలు చేసింది. పడ్డ వాన పడ్డట్టే లోపలికి జారిపోయి, ఎక్కడో కింద లోయలో ఊటగా బయటపడుతుంది. బ్లౌబొయ్రెన్‌లోని బ్లౌటోఫ్ అనే నీలిమడుగు అలాంటి ఊటే. పైన ఊళ్లున్నాయి, కింద నీళ్లున్నాయి. మధ్య నిట్టనిలువు గట్టు. ఈ రాతిలో మామూలు బావి తవ్వితే నీరు పడదు.

అందుకని పూర్వం చూరునీళ్లే ఆధారం. కప్పు మీద పడ్డ వానను తొట్టెల్లో పట్టి తాగేవారు. గడ్డికప్పుల నుంచి దిగిన నీరు గోధుమరంగులో ఉండేది, నిలవుంటే వాసన కొట్టేది. పశువుల కోసం ఊరి మధ్య హ్యూలె అనే కుంట ఉండేది. నీరు ఇంకిపోకుండా దాని అడుగున బంకమట్టి పరిచేవారు. అందులోకి వాననీటితో పాటు వీధి మురికీ చేరేది. ఎండలు ముదిరి తొట్టెలు అడుగంటితే మనుషులు కూడా ఆ నీళ్లే వాడుకోవాలి, లేదంటే లోయకు బండి కట్టాలి. నిండు పీపాలతో బండి ఆ ఏటవాలు ఎక్కి రావడానికి గంటలు పట్టేది. ఏ ఇంటికైనా నిప్పంటుకుంటే ఆర్పడానికి మిగిలేది ఆ కుంటే. అదీ ఎండితే చేయగలిగిందేమీ ఉండేది కాదు.

ఖగోళ శాస్త్రజ్ఞుడు యోహానెస్ స్టోఫ్లర్ 1452లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఇక్కడే చర్చి గురువుగా ఉండి, తర్వాత ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 1524 ఫిబ్రవరిలో గ్రహాలు మీనరాశిలో కూడతాయని 1499 నాటి ఆయన పంచాంగం చెప్పింది. దాన్ని పట్టుకుని జలప్రళయం వస్తుందని యూరప్‌లో చాలామంది భయపడ్డారు. ఆయన సొంత ఊరికి మాత్రం నమ్మకమైన నీళ్లు రావడానికి ఆ తర్వాత మరో 350 ఏళ్లు పట్టింది.

ఆ పని చేసింది అప్పటి వ్యుర్టెంబర్గ్ రాజ్య ప్రభుత్వ ఇంజనీరు కార్ల్ ఎహ్మన్. లోయలో పారే ష్మీహ్ అనే చిన్న నది ఒడ్డున టొయ్‌రింగ్స్‌హోఫెన్ దగ్గర ఆయన పంపుహౌస్ కట్టించాడు. నది ప్రవాహమే యంత్రాన్ని తిప్పేది, ఆ యంత్రం పంపుల్ని నడిపేది, పంపులు తాగునీటిని సుమారు 200 మీటర్ల పైకి నెట్టేవి. పైన కట్టిన ట్యాంకు నుంచి ఊళ్లకు నీరు వాలుమీద దానంతటదే దిగేది. బొగ్గు ఖర్చు లేదు. వెయ్యి లీటర్లను 200 మీటర్లు ఎత్తడానికి, నష్టాలు పక్కన పెడితే, ఈనాటి లెక్కలో అర యూనిట్ కరెంటు కన్నా కాస్త ఎక్కువ శక్తి చాలు. అసలు చిక్కు ఒత్తిడిది. అంత ఎత్తు నీటి స్తంభం అడుగున దాదాపు 20 బార్ల ఒత్తిడి, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు 20 రెట్లు ఉంటుంది. గొట్టం పోతలో చిన్న లోపమున్నా, అతుకు సరిగ్గా పడకపోయినా తట్టుకోదు.

మరో చిక్కు డబ్బు. ఒక్క ఊరు మోయలేని ఖర్చు కాబట్టి ఊళ్లను జట్లుగా కలపాలన్నది ఎహ్మన్ ఆలోచన. ఖర్చుకు జడిసి, నీళ్లు కొండెక్కుతాయంటే నమ్మక చాలా ఊళ్లు వెనకాడాయి. యుస్టింగెన్, ఇంగ్‌ష్టెట్టెన్, హౌజెన్ కలిసి ముందుకొచ్చాయి. 1871 ఫిబ్రవరి 18న యుస్టింగెన్‌కు నీళ్లొచ్చాయి. ఆ తర్వాత ఆల్బ్ మీది మిగతా ఊళ్లూ ఒక్కొక్కటిగా అదే దారి పట్టాయి. ఈ ఊరి చరిత్రలో రాజుల కన్నా, కోటల కన్నా నాకు ఇదే పెద్ద సంఘటన.

1970ల పాలనా సంస్కరణల్లో యుస్టింగెన్ కిందనున్న షెల్క్‌లింగెన్ పట్టణంలో భాగమైంది. కొత్తగా దిగినవాళ్లు రెండు వారాల్లోపు పట్టణ కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి యజమాని సంతకం చేసిన నివాస ధ్రువపత్రం కావాలి, అద్దె ఒప్పందం ఒక్కటే చూపిస్తే సరిపోదు. పల్లెల్లో మంటలార్పేది జీతగాళ్లు కాదు, ఊరివాళ్లతో ఏర్పడిన స్వచ్ఛంద దళం. గోడలకూ స్తంభాలకూ ఎర్ర అంచుతో తెల్ల పలకలు కనిపిస్తాయి. ‘హెచ్ 100’ అని ఉంటే గొట్టం వ్యాసం 100 మిల్లీమీటర్లని అర్థం. కింది అంకెలు, పలక నుంచి ఎన్ని మీటర్లు ముందుకు, ఎంత కుడికో ఎడమకో వెళ్తే హైడ్రాంటు మూత ఉందో చెబుతాయి. ఆ మూత మీద కారు ఆపకూడదు, ఎత్తిపోసిన మంచు కుప్ప వేయకూడదు.

ఇంట్లో నీటి బిల్లు రెండుసార్లు తగులుతుంది. వాడిన ప్రతి ఘనపు మీటరుకూ తాగునీటి రుసుముతో పాటు మురుగునీటి రుసుమూ పడుతుంది. టాయిలెట్ ఫ్లష్ సన్నగా కారుతుంటే ఏడాది చివర లెక్క తేలినప్పుడు గాని తెలియదు. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి మీటరులోని చిన్న నక్షత్ర చక్రం చూడండి. తిరుగుతుంటే ఎక్కడో కారుతున్నట్టే. కప్పు మీద, రాళ్లు పరిచిన వాకిట్లో పడి కాలువలోకి పోయే వాననీటికి విస్తీర్ణాన్ని బట్టి వేరే రుసుము ఉంటుంది.

సున్నపురాతి ఊట నీరు సహజంగానే గట్టినీరు. జర్మన్ కొలతలో 14 డిగ్రీలు దాటితే గట్టినీటి కిందే లెక్క. మీ వీధికి ఎంతో సరఫరాదారుని అడిగి, డిష్‌వాషర్‌లో ఉప్పు మోతాదు ఆ అంకెకు సరిపెట్టాలి. కెటిల్‌లో పట్టిన తెల్ల పొరకు లీటరు నీళ్లలో రెండు చెంచాల సిట్రిక్ యాసిడ్ కలిపి గంట ఉంచాలి. చల్లనీళ్లే వాడాలి, మరిగిస్తే కరగని కొత్త పొర ఏర్పడుతుంది. కందిపప్పు ఎంతకీ మెత్తబడకపోతే తప్పు పప్పుది కాకపోవచ్చు. నీటిలోని కాల్షియం పప్పు గింజల్లోని పెక్టిన్‌ను గట్టిపరుస్తుంది. ఫిల్టరు నీళ్లలో నానబెట్టి అవే నీళ్లలో వండితే ఉడుకుతుంది. చిటికెడు వంటసోడా కూడా పనిచేస్తుంది గాని రుచి కొంచెం మారుతుంది.

చలికాలం మీదకు రాకముందే బయటి కుళాయికి లోపలున్న వాల్వు కట్టేసి, బయటి కుళాయి తెరిచి వదిలేయాలి. గొట్టంలో నీరు మిగిలితే గడ్డకట్టి పగులుతుంది. సంక్రాంతికి సెలవు పెట్టి ఇంటికి వెళ్లేవాళ్లు హీటర్లను పూర్తిగా ఆపకూడదు, కనీసం హీటరు నాబ్ మీది మంచుగుర్తు దగ్గర ఉంచాలి. ఇంటి ముందు నడకదారిలో మంచు ఎత్తే బాధ్యత చాలాచోట్ల ఒప్పందం ద్వారా అద్దెదారు మీదకు వస్తుంది. పనిదినాల్లో సాధారణంగా ఉదయం 7 గంటలకల్లా దారి శుభ్రంగా ఉండాలి. మీరు ఊళ్లో లేకపోతే ఎవరు ఎత్తుతారో పక్కింటివాళ్లతో ముందే మాట్లాడుకోవాలి.

పల్లెలో బస్సులు ఎక్కువగా బడి వేళలకు తగ్గట్టు నడుస్తాయి. ఉదయం 6 గంటల షిఫ్టుకు వాటిని నమ్ముకోలేం. భారత లైసెన్సు ఇక్కడ కాపురం పెట్టిన నాటి నుంచి 6 నెలలే చెల్లుతుంది. ఆ తర్వాత రాతపరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ పాసవ్వాలి. తేదీలు దొరకడం ఆలస్యమవుతుంది కాబట్టి మొదటి నెలలోనే దరఖాస్తు పెట్టడం మేలు. మంచు, ఐసు ఉన్న రోడ్డు మీద శీతాకాలపు టైర్లు లేకుండా నడిపితే 60 యూరోల జరిమానా, డ్రైవింగ్ రికార్డులో ఒక తప్పు పాయింటు.

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు హీటింగ్ దేనితో నడుస్తుందో అడగండి. పల్లెల్లో చాలా ఇళ్లకు ఇంకా ఆయిల్ ట్యాంకులే ఉన్నాయి. ఆయిల్ మీరే కొనుక్కోవాల్సిన ఇల్లయితే తాళాలు తీసుకునే రోజే ట్యాంకు మట్టం, నీటి మీటరు, కరెంటు మీటరు ఫోటోలు తీసి, ఆ అంకెలు అప్పగింత పత్రంలో రాయించి ఇద్దరూ సంతకాలు చేయాలి.