బేస్ గిటార్: ఎడమ చేతికి మోత పని పెట్టకండి

బేస్ గిటార్ కొత్తగా పట్టుకున్నవాళ్లు చెయ్యి నొప్పి అంటే చుట్టూ ఉన్నవాళ్లు చెప్పేది ఒకటే, "అలవాటైపోద్దిలే" అని. వేలి కొసల మంటకైతే ఆ మాట నిజమే, నాలుగు రోజులు వాయిస్తే కాయలు కాసి అదే పోతుంది. మణికట్టు నొప్పి, బొటనవేలి మొదట్లో లాగడం, వేళ్లు తిమ్మిరెక్కడం మాత్రం అలవాటయ్యే బాపతు కాదు. వేళ్లని కదిలించే స్నాయువులూ, అరచేతిలోకి వెళ్లే నరమూ మణికట్టు దగ్గర ఒకే ఇరుకు సందులోంచి పోతాయి, మణికట్టుని బాగా మడిచిపెట్టి గంటలకొద్దీ వాయిస్తే అవి అక్కడే నలుగుతాయి. అలా అనిపించిందా, ఆపెయ్యండి.

మా విజయనగరంలో సంగీతం అంటే గాత్రం, వయొలిన్. 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉన్న ఊరు, ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ చెప్పింది అక్కడే. బేస్ చెప్పే మాస్టారు మాత్రం నాకు దొరకలేదు, కాబట్టి వీడియోలే దిక్కు. తీరా అసలు సంగతి పట్టేసింది వయొలిన్ నేర్చుకుంటున్న మా పిన్ని కూతురు. కాసేపు చూసి, "అన్నియ్యా, దాన్ని వాయిస్తన్నావా, మోస్తన్నావా?" అంది.

ఆ పిల్ల అన్నదాంట్లో చాలా ఉంది. మనవాళ్లు వయొలిన్‌కి బాసింపట్టు వేసుకుని కూర్చుని, వాయిద్యం తలని కుడి పాదం మీద ఆనిస్తారు, రెండో చివర ఛాతీకి ఆనుతుంది. ఇక ఎడమ చేతికి పట్టుకునే పనే లేదు, గమకాలకి తీగ మీద ఎటు కావాలంటే అటు జారుతుంది. బేస్‌లో తల వైపు బరువు, తీగలు బిగించే నాలుగు పెద్ద కీలు, పొడుగాటి మెడ. బెల్ట్ వేసుకుని నిలబడి రెండు చేతులూ మెల్లగా వదిలి చూడండి. బేస్ తల నేల వైపు వాలిపోతోందంటే, వాయించినంతసేపూ దాన్ని ఎత్తిపట్టేది మీ ఎడమ చెయ్యే. లోపలి వైపు గరుకుగా ఉన్న వెడల్పాటి తోలు బెల్ట్ వేస్తే అది భుజం మీద జారదు, తల చాలావరకు నిలుస్తుంది. కూర్చున్నప్పుడు బేస్ ఏ ఎత్తులో ఉంటుందో నిలబడ్డప్పుడూ అక్కడే ఉండేలా బెల్ట్ బిగించండి, బేస్ మెడ కాస్త పైకి చూడాలి. మోకాళ్ల దాకా వేలాడదీస్తే ఫోటోకి బాగుంటుంది గానీ మణికట్టు బాగా మడతపడుతుంది.

నొక్కడం సంగతి. ఫ్రెట్ అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ. దానికి సరిగ్గా వెనక, అంటే తల వైపు నొక్కితే తక్కువ బలానికే స్వరం పలుకుతుంది, రెండు ఫ్రెట్ల మధ్యలో నొక్కితే ఎక్కువ బలం పెట్టాలి, లేకపోతే జరజరమంటుంది. బొటనవేలు మెడ వెనకాల ఊరికే ఆనాలి. దాన్ని పూర్తిగా తీసేసి కూడా ఒక స్వరం పలికించడానికి ప్రయత్నించండి, చేతి బరువుకే పలుకుతుంది. ఇది చేశాక ఎంత బలం వృథా అవుతోందో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు నాకు పేచీ ఉన్న విషయం: "ఫ్రెట్‌కి ఒక వేలు" అనే రూలు, అంటే వరసగా నాలుగు ఫ్రెట్లకి నాలుగు వేళ్లు. వీడియోల్లో మొదటి రోజే చెబుతారు. మామూలు బేస్‌కి తీగ పొడుగు 34 అంగుళాలు, గిటార్‌కి 25 చిల్లర. లెక్క వేస్తే ఒకటో ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్‌కి బేస్ మీద అయిదంగుళాల పైన, గిటార్ మీద నాలుగుకి లోపే. కొత్తవాడి చిటికెనవేలు అక్కడిదాకా సాగాలంటే చెయ్యంతా బిగుసుకుపోతుంది. దీనికి పాత మందు ఉంది. 19వ శతాబ్దంలో ఫ్రాంజ్ సిమాండ్ల్ అనే ఆయన నిలువు బేస్‌కి (నిలబెట్టి వాయించే, వయొలిన్ ఆకారపు పెద్ద వాయిద్యం) రాసిన పద్ధతిలో తల దగ్గరి స్థానాల్లో చూపుడు, మధ్య, చిటికెన వేళ్లే వాడతారు, ఉంగరం వేలు చిటికెనకి తోడుగా పడుతుంది. మూడు ఫ్రెట్లకే చెయ్యి సాగుతుంది, నాలుగోది కావాలంటే చెయ్యి మొత్తం జరుపుతాం. ఎడమ చెయ్యి మోత మోయకపోతే ఈ జరపడం ఏమంత కష్టం కాదు, మోస్తుంటే మాత్రం అసాధ్యం. అయిదో ఫ్రెట్ దాటాక దూరం నాలుగంగుళాలకి వస్తుంది, అప్పుడు ఫ్రెట్‌కి ఒక వేలు సుఖంగా వాడుకోండి.

కుడి చేతికి ఇంత రామాయణం లేదు. బొటనవేలు పికప్ (తీగల కింద ఉండి వాటి కదలికని పట్టే అయస్కాంతపు దిమ్మ) మీద ఆనించి, చూపుడు, మధ్య వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి. మీటిన వేలు గాల్లోకి లేవకుండా పక్కనున్న లావు తీగ మీదకి వచ్చి ఆగాలి, అదే ఆ తీగని మోగకుండా ఆపుతుంది కూడా. సన్న తీగల మీదకి వెళ్లినప్పుడు బొటనవేల్ని ఇ తీగ (అన్నిటికన్నా లావుది) మీదకి దింపుకోండి, లేకపోతే అది కింద గుయ్యిమంటూనే ఉంటుంది, ఇంట్లో వాళ్లకి వినపడకపోయినా యాంప్‌లో (శబ్దం పెంచే పెట్టె) వినపడుతుంది.

అన్నట్టు, కరెంటు పోయిందని యాంప్ లేకుండా ప్రాక్టీసు చెయ్యడం నాకు నచ్చదు. వినపడదు కాబట్టి గట్టిగా బాదుతాం, అదే చేతికి పట్టేస్తుంది. బ్యాటరీతో నడిచే చిన్న హెడ్‌ఫోన్ యాంప్‌లు దొరుకుతున్నాయి, వాల్యూం పెంచి మెల్లగా మీటండి.

స్లాప్ (బొటనవేలితో తీగని కొట్టి వాయించే పద్ధతి) గురించి అడగొద్దు, అది నాకింకా రాదు.