గన్నేరు గోల

నిద్ర రావట్లేదు. ఇవాళ అపార్ట్‌మెంట్ గ్రూపులో గొడవంతా గన్నేరు మీదే. గేటు పక్కన అత్తయ్య పెంచిన గులాబీరంగు గన్నేరు విషమట, పీకించెయ్యాలట. 2024లో కేరళలో గుళ్ళ వ్యవహారాలు చూసే ట్రావన్‌కోర్ దేవస్వం బోర్డు నైవేద్యంలో, ప్రసాదంలో ఈ పువ్వు వద్దంది కదా, ఆ పాత వార్త ఎవరో తవ్వి తీశారు. పూజకి వాడుకోవచ్చని కూడా చెప్పారు, అది ఎవరూ చదవలేదు.

పీకమని అందరికంటే గట్టిగా పట్టుబట్టింది మూడో అంతస్తు ఆవిడ. ఆవిడ గుమ్మం ముందు రెండు పెద్ద కుండీల్లో డిఫెన్‌బేకియా, అదే, ఆకుల మీద తెల్ల మచ్చలుండే షో మొక్క! దాని ఆకు నమిలితే నోరు, నాలుక వాచి మాట కూడా పెగలదు. నర్సరీలో డబ్బులు పోసి కొన్నారు, ఇంగ్లీషు పేరుంది, కాబట్టి అది డెకరేషన్. మనది మాత్రం విషం. హైవే డివైడర్ల మీద వరసగా ఉండేవి ఏం మొక్కలనుకుంటుందో! ఎండకీ పొగకీ తట్టుకుంటాయి, పశువులు మూతి పెట్టవు, అందుకే కదా వేసేది.

అమ్మమ్మ వాళ్ళ నూతి దగ్గర పచ్చ గన్నేరు ఉండేది. మధ్యాహ్నం పెద్దవాళ్ళు నడుం వాల్చగానే ఆ పూలు వేళ్ళకి తొడుక్కుని రాక్షసుల ఆట ఆడేవాళ్ళం. అమ్మమ్మ కంట పడితే అంతే, నూతి దగ్గరికి ఈడ్చుకెళ్ళి చేతులకి బూడిద రాసి తోమేది. కాయ ముట్టుకుంటే వీపు విమానం మోతే. ఒకసారి పక్కింటి మేకలు పెరట్లో పడి మందారాన్నీ కరివేపాకునీ మోడు చేశాయి గానీ గన్నేరు జోలికి పోలేదు. "మేకలకున్న బుద్ధి మీకు లేదే" అని తిట్లు మాకు! మర్నాడు పూజకి మళ్ళీ ఆ పూలే. చవితి పత్రిలో గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు మూడూ ఉండాల్సిందే కదా.

కానీ ఇక్కడ బూడిద రాసి తోమే అమ్మమ్మ ఎవరు? సాయంత్రం కింద పిల్లలు ఆడుతుంటే మేమంతా ఫోన్లలో ఉంటాం. వాచ్‌మన్ కూతురు కనిపించిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. గన్నేరులో పువ్వు, ఆకు, కాడ, ఎండిన కొమ్మ, అన్నీ విషమే. గుండె కొట్టుకునే తీరునే చెడగొడుతుంది. పీకెయ్యమనడం సబబే. ఆవిడ మాట తీరు నాకు పడదు, అది వేరే సంగతి.

అత్తయ్య అలుగుతుందనుకుంటే, టీవీ మీంచి చూపు తిప్పకుండానే అంది: "పీకండి. కొమ్మలు మాత్రం తగలెయ్యకండి, ఆ పొగా మంచిది కాదు. ఆ మచ్చల మొక్కల సంగతి కూడా రేపే తేల్చు."