కోలాటానికి జత కావాలి, గ్రాంటుకి లెక్క కావాలి

రెండేళ్ల కిందట మా ఊరి ఆడవాళ్ల కోలాటం బృందం తరఫున ఒక కంపెనీకి సీఎస్ఆర్ (కంపెనీలు తమ లాభంలోంచి సమాజం కోసం పెట్టే ఖర్చు) డబ్బుల కోసం దరఖాస్తు నేనే రాశాను (హైదరాబాద్‌లో ఉద్యోగం కాబట్టి ఇలాంటి ఫారాలన్నీ నా నెత్తినే పడతాయి). బీపీ, షుగర్ మీద పాటలు కట్టి పన్నెండు ఊళ్లలో ఆడాలన్నది ప్లాన్. డబ్బులొచ్చాయి. ఫ్లెక్సీలు, ఒకే రంగు చీరలు, ఆటో కిరాయిలు, అన్నీ మారుమాట లేకుండా ఇచ్చారు. వెనక్కొచ్చింది ఒక్క బిల్లే. ప్రాక్టీసు రోజుల టీ, బిస్కెట్లు, గురువుగారికి రెండు నెలలు అదనంగా ఇచ్చిన జీతం. ప్రదర్శన లేని రోజుల ఖర్చు మేం ఒప్పుకోం అన్నారు.

నన్నడిగితే మొత్తం ప్రాజెక్టులో నిజంగా పనికొచ్చిన ఖర్చు అదే.

కోలాటం ఆడినవాళ్లకి తెలుసు, బేసి సంఖ్యతో కుదరదు. ఒక మనిషి రాకపోతే ఎదుటి మనిషి కర్ర గాల్లో ఉండిపోతుంది. అందుకని రాత్రి ఎనిమిదింటికి రామాలయం ముందు ట్యూబ్‌లైటు కింద ఎవరైనా తగ్గితే, కాసేపు చూసి ఒకరు వాళ్లింటికి బయల్దేరతారు. జ్వరమా, ఇంట్లో గొడవా, బీపీ మాత్రలు అయిపోయి వారమైందా, ఇవన్నీ ఆ గుమ్మం దగ్గరే బయటపడతాయి.

మా బాబాయి 2021లో కరోనా సెకండ్ వేవ్‌లో పోయాడు. ఆ తర్వాత పిన్ని గడప దాటడం మానేసింది, ఫోన్ చేస్తే 'ఆ, బాగానే ఉన్నాం' తప్ప ఇంకో మాట లేదు. పక్కింటావిడ బలవంతాన తీసుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టి, కర్రల సంచి చూస్తూ ఉండమంది. నెలన్నర అలా చూస్తూనే ఉంది. ఒకరోజు బృందంలో ఒకావిడ కూతురి పురిటికి వెళ్తే జత తగ్గింది. గురువుగారు 'అమ్మా, ఆ సంచి పక్కన పెట్టి ఇటు రండి, ఈ ఒక్క కోపూ (ఆట వరసా) అయ్యేదాకా నిలబడండి చాలు' అన్నాడట. కర్ర పట్టుకోవడం రాక తన బొటనవేలు తనే కొట్టుకుంది. మర్నాడు ఆ వేలికి పసుపు రాసుకుని, మెడల్ వచ్చినట్టు వీడియో కాల్‌లో నాకు చూపించింది.

దీన్ని ఏ కాలమ్‌లో రాయాలి? 2013 కంపెనీల చట్టం ప్రకారం ఓ స్థాయి దాటిన పెద్ద కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకి ఖర్చు పెట్టాలి. ఆ చట్టం ఏడో షెడ్యూల్లో ఆరోగ్యం ఒక పద్దు, కళలు, సంస్కృతి ఇంకో పద్దు. మాది ఏ పద్దో తేల్చడానికే నెల పట్టింది. ఆరోగ్యం వాళ్లు ఎంతమందికి సందేశం చేరిందని అడుగుతారు, సంస్కృతి వాళ్లు ఎన్ని షోలు వేశారని అడుగుతారు, ఆడినవాళ్లకి ఏమైందని మాత్రం ఎవరూ అడగరు.

కోలాటం ఆడితే షుగర్ పోతుందని నేను అనట్లేదు, మాత్రలు మానమని అసలే అనట్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో కళలు, ఆరోగ్యం మీద 3,000కి పైగా అధ్యయనాలు కలిపి ఒక నివేదిక వేసింది, అందులో గట్టివీ ఉన్నాయి, బలహీనమైనవీ ఉన్నాయి. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో 2001లో పార్కిన్సన్స్ (వణుకు వచ్చి, కదలిక మందగించే జబ్బు) ఉన్నవాళ్ల కోసం ఒక డాన్స్ కంపెనీ మొదలుపెట్టింది కూడా స్టేజి షో కాదు, క్లాసు. ఇంగ్లండ్‌లోనైతే డాక్టర్ దగ్గరికొచ్చిన ఒంటరి మనిషిని పాటల గ్రూపుకో బొమ్మల క్లాసుకో పంపడానికి లింక్ వర్కర్లని పెట్టారు, జీతం ప్రభుత్వ ఆరోగ్య సేవే ఇస్తుంది. అక్కడా చిక్కుంది. పంపే మనిషికి జీతం దొరికినంత తేలిగ్గా ఆ పాటల గ్రూపుకి హాలు అద్దె దొరకదు.

అంత దూరం ఎందుకు, నెల్లూరు చూడండి. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో కళాజాతలు ఊరూరా పాటలు పాడి, నాటకాలు వేసి వెళ్లిపోయాయి. తర్వాత రాత్రి బడులు నడిచాయి. సారా వల్ల కుదేలైన ఇంటి కథ అక్కడ పాఠంగా చదువుకున్న ఆడవాళ్లే 1992లో ఆ జిల్లాలోని దూబగుంట అనే ఊళ్లో సారా కొట్టు మూయించారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. కళాజాత వచ్చి వెళ్లాక రాత్రి బడి లేకపోయుంటే, ఆ పాటలు ఓ సాయంత్రం వినోదంగా మిగిలేవేమో.

మా పన్నెండు షోలూ అయిపోయాక కంపెనీ ఫొటోలు తీసుకుంది. గురువుగారు జీతం లేక పక్క మండలంలో ఇంకో బృందానికి వెళ్లిపోయాడు, నాలుగు నెలలు రామాలయం ముందు లైటు వెలగలేదు. తర్వాత బృందం ఆడవాళ్లే నెలకి మనిషికి రెండొందలు వేసుకుని ఆయన్ని మళ్లీ పిలిపించుకున్నారు. కూలికెళ్లే ముగ్గురు మాత్రం అంత ఇవ్వలేక ఆగిపోయారు. నిజానికి ఈ ఆట ఎక్కువ అవసరమైంది వాళ్లకే.

ఈసారి ఇంకో చోటికి కొత్త దరఖాస్తు పెట్టాను. ఏడాదిపాటు గురువుగారి జీతం, టీ, కరెంటు, ఇరవై జతల కర్రలు. షోలు సున్నా. లబ్ధిదారుల సంఖ్య దగ్గర 24 అని రాశాను. మొన్న ఆఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి చాలా మర్యాదగా అడిగింది, 'సార్, రెండు సున్నాలు మర్చిపోయారా?' అని.