ఏ బోరు నీళ్లు పట్టాలో రాండమ్‌నే చెప్పనిద్దాం

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాండమ్ అని ఒక చిన్న మాడ్యూల్, అంటే ముందే రాసిపెట్టిన కోడ్, ఉంది. చీటీ తీసినట్టు ఏదో ఒకటి తీసివ్వడం దాని పని. విడిగా ఇన్‌స్టాల్ చేసే పని లేదు, పైథాన్‌తో పాటే వస్తుంది, పైన ఒక్క ఇంపోర్ట్ లైను రాస్తే చాలు. చాలామంది దీంతో పాచికల ఆట ఒకటి రాసి, ఆ తర్వాత మళ్లీ దాని జోలికి పోరు. నేను నల్గొండలో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్స్ చెబుతాను. నా దృష్టిలో మొదటి ఏడాదిలోనే గట్టిగా పట్టించాల్సిన మాడ్యూల్ ఇది, ఎందుకో చెప్తాను.

మా పిల్లలు ఫీల్డ్ ప్రాజెక్టు కింద ఊళ్లల్లో బోరు నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చి ఫ్లోరైడ్ ఎంతుందో చూస్తారు. ఫ్లోరైడ్ సంగతి మా జిల్లాకు కొత్తగా చెప్పేదేం లేదు, 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఈ బాధ దేశానికి తెలియాలని నల్గొండలో 480 మంది పోటీలో నిలబడితే బ్యాలెట్‌ను పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది. ఇప్పుడు నల్లా నీళ్లు వచ్చి తాగునీటి కష్టం తగ్గినా బోర్లు ఎక్కడికీ పోలేదు, పశువులకూ పొలాలకూ అవే. మాది గ్రానైట్ నేల. ఒకే ఊర్లో ఒక బోరులో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు లోపలే ఉంటే, నాలుగు వీధులు దాటాక ఇంకో బోరులో అంతకు బాగా ఎక్కువ ఉండొచ్చు. కాబట్టి ఏ బోరు నీళ్లు పట్టాం అన్నదాన్ని బట్టే ఆ ఊరి లెక్క మారిపోతుంది.

పిల్లల్ని వాళ్ల ఇష్టానికి వదిలేస్తే ఏం చేస్తారంటే, బస్సు దిగిన చోట ఉన్న బోరు, బడి పక్క బోరు, హోటల్ ముందున్న బోరు, ఈ మూడూ పట్టుకుని సాయంత్రం బస్సుకు వచ్చేస్తారు. ఇందులో మోసం ఏమీ లేదు, ఎవరికైనా కాళ్లు దగ్గరి దారికే పోతాయి. కానీ ఊరి చివర కాలనీలో ఉన్న బోరు ఎప్పటికీ సీసాలోకి రాదు, అక్కడి వాళ్ల నీళ్ల సంగతి ఎవరికీ తెలియదు. పంట కోత ప్రయోగాలు చూసిన రైతులకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఏ పొలంలో కొయ్యాలో, ఆ పొలంలో నైరుతి మూల నుంచి పొడవున ఎన్ని అడుగులు, అడ్డంగా ఎన్ని అడుగులు నడిచి వరికి 5 మీటర్ల చదరం గీయాలో రాండమ్ నంబర్లే చెప్తాయి, అధికారి కంటికి బాగున్న చోటు కాదు. వందల ఎకరాల దిగుబడి లెక్క ఆ చిన్న చదరం మీద నిలబడుతుంది కాబట్టే అంత పట్టింపు.

ఇక మాడ్యూల్ సంగతికి వస్తే, అందులో ఒక్కో పనికి ఒక్కో ఫంక్షన్ ఉంటుంది. ఛాయిస్ జాబితాలోంచి ఒక్కటి తీసిస్తుంది. ఛాయిసెస్ ఎన్నంటే అన్ని తీస్తుంది కానీ వచ్చిందే మళ్లీ రావచ్చు, వెయిట్లు ఇస్తే పెద్ద ఊరికి ఎక్కువ అవకాశం కూడా పెట్టుకోవచ్చు. శాంపిల్ కూడా కావాల్సినన్ని తీస్తుంది, తీసిన స్థానాన్ని మళ్లీ తీయదు. బోర్లకు కావాల్సింది ఈ శాంపిలే.

స్థానం అని ఊరికే అనలేదు. శాంపిల్ చూసేది జాబితాలో ఎన్నో వరుస అన్నదే, పేరు కాదు. ఒక ఊరి జాబితాలో పెద్దమ్మ గుడి బోరు అని ఒక పిల్ల రాసింది, గుడి వెనక చేతిపంపు అని ఇంకో పిల్లవాడు రాశాడు, తీరా పోయి చూస్తే రెండూ ఒకటే. అంటే ఆ బోరుకు మిగతావాటికంటే దాదాపు రెట్టింపు అవకాశం, ఒక్కోసారి రెండు సీసాలూ అక్కడివే అయ్యే ప్రమాదం కూడా. మాడ్యూల్ ఎంత మంచిదైనా ఇది దానికి తెలియదు, ఊర్లో తిరిగి జాబితా సరిచూసుకోవాల్సింది మనమే.

జాబితా మొత్తాన్ని పేకముక్కల్లా కలిపేసే షఫుల్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మాడ్యూల్ ఎందుకు, నేనే రాసుకుంటా అనే పిల్లలు ఇక్కడే దొరికిపోతారు. నకిరేకల్, హాలియా, దేవరకొండ అని మూడు పేర్లు కలపాలనుకోండి. చాలామందికి తోచేది, ఒక్కో స్థానం దగ్గర ఆగి, ఆ పేరును మూడింట్లో ఏదో ఒక స్థానంతో మార్చేయడం. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. లెక్క వేయండి, మూడుసార్లు మూడేసి దారులు, మొత్తం 27. మూడు పేర్లను పేర్చగలిగే వరుసలు 6. 27ను 6 సమానంగా భాగించలేదు కదా, అందుకే మూడు వరుసలకు ఐదేసి దారులు, మిగతా మూడింటికి నాలుగేసి దారులు పడతాయి. ఎన్నిసార్లు నడిపినా ఆ తేడా పోదు. సరైన పద్ధతిలో చివరి స్థానానికి మూడింట్లో ఒకటి, ఆపై మిగిలిన రెండింట్లో ఒకటి, 6 దారులు, 6 వరుసలు. 1938లో ఫిషర్, యేట్స్ కాగితం మీద చేసుకోవడానికి చెప్పిన పద్ధతిని 1964లో డర్స్టెన్‌ఫెల్డ్ కంప్యూటర్‌కు తగ్గట్టు మార్చాడు, పైథాన్ షఫుల్ లోపల జరిగేది అదే.

సీడ్, అంటే లెక్క మొదలుపెట్టడానికి మనం ఇచ్చే సంఖ్య, అన్నిటికంటే ముఖ్యం. ఈ మాడ్యూల్ వెనక ఉన్నది మెర్సెన్ ట్విస్టర్ అనే సంఖ్యలు పుట్టించే లెక్క పద్ధతి, 1997లో జపాన్‌కు చెందిన మత్సుమోతో, నిషిమురా తయారుచేశారు. అది ఇచ్చే వరుస మొదటి నుంచి మళ్లీ మొదలవ్వాలంటే పట్టే దూరం 6002 అంకెల సంఖ్య. అయినా అది లెక్కే, అదృష్టం కాదు, ఒకే సీడ్ ఇస్తే ఒకే వరుస వస్తుంది. మాకు ఇది వరం. సీడ్ రాసిపెడితే రేపు సర్పంచ్ గారో ఇంకెవరో మా వాడకట్టు బోరు ఎందుకు తీశారని అడిగితే, వాళ్ల ముందే ప్రోగ్రామ్ నడిపి చూపించొచ్చు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది, ఒకటి ఇచ్చి చూసి, నచ్చకపోతే రెండు, అదీ నచ్చకపోతే మూడు అని సీడ్ మార్చుకుంటూ పోతే, కావాల్సిన బోర్లే వచ్చేదాకా తిప్పొచ్చు. అందుకే క్లాసులో అందరి ముందు తలా ఒక అంకె చెప్పించి, వరుసగా బోర్డు మీద రాసి, అదే సీడ్‌గా పెడతాం, ఇక మార్చేది లేదు. జాబితాను ముందే అక్షర క్రమంలో పెడతాం, ఎందుకంటే వరుస మారితే అదే సీడ్‌కు వేరే బోర్లు వస్తాయి. పైథాన్ వెర్షన్ కూడా పక్కన రాయాలి, మాడ్యూల్‌లో రాండమ్ అనే పేరుతోనే ఉన్న ఫంక్షన్ ఇచ్చే దశాంశాల వరుస వెర్షన్ మారినా అలాగే ఉంటుందని హామీ ఉంది కానీ శాంపిల్, షఫుల్‌కు ఆ హామీ లేదు.

"సార్, ఆ బోరు దాకా బండి పోదు సార్, బదులు ఇంకొకటి పట్టుకురామా?" అని ఫోన్లు వస్తూనే ఉంటాయి. నడిచి పోవాల్సిందే అంటాను. బోరు ఎండిపోతేనో మోటరు కాలిపోతేనో మాత్రం బదులు ఉండాలి, అదీ పిల్లలు అక్కడికక్కడ ఎంచుకునేది కాకూడదు. 20 కావాలంటే శాంపిల్‌ను 25 అడుగుతాం, మొదటి 20 అసలువి, మిగతా ఐదూ వచ్చిన వరుసలోనే బదులువి. శాంపిల్ ఇచ్చే జాబితా తీసిన వరుసలోనే ఉంటుంది, అందులో మొదటి ముక్క తీసుకున్నా అది కూడా సరైన శాంపిలే, ఈ మాట పైథాన్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది.

ఓటీపీలు, పాస్‌వర్డ్‌లకు మాత్రం దీన్ని దయచేసి వాడకండి. మెర్సెన్ ట్విస్టర్ ఇచ్చిన 32 బిట్ల సంఖ్యలు వరుసగా 624 దొరికితే, తర్వాత రాబోయేవన్నీ ముందే చెప్పేయొచ్చు. దానికి సెక్రెట్స్ అని వేరే మాడ్యూల్ ఉంది, 2016లో వచ్చిన 3.6 వెర్షన్ నుంచి పైథాన్‌లోనే ఉంటోంది. దానికి సీడ్ ఇవ్వడం ఉండదు, వచ్చిన ఫలితాన్ని మళ్లీ రప్పించలేం. డబ్బుతో ముడిపడిన లక్కీ డ్రాలకు ఏది వాడాలని పిల్లలు అడుగుతారు. డ్రా అయ్యేదాకా ఎవరూ ఊహించకూడదు, అయ్యాక అందరూ సరిచూసుకోగలగాలి, ఈ రెండూ కావాలంటే ముందు జాబితాకు తాళం వేసి, ఆ తర్వాత జనం మధ్యలో సీడ్ పుట్టించాలి, మేము బోర్లకు చేసేది అదే.