కళింగపట్నం తీరంలో 144 చిత్రాలు
డిసెంబరు అమావాస్య రాత్రి, వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం తీరంలో, చుక్కల కదలికను అనుసరించి కెమెరాను తిప్పే ట్రాకర్‌పై 200 మి.మీ. లెన్స్ బిగించి, ఒరాయన్ నెబ్యులా అనే అంతరిక్ష వాయు, ధూళి మేఘాన్ని 30 సెకన్ల చొప్పున 144 సార్లు చిత్రించాను. విడిగా చూస్తే ప్రతి చిత్రమూ నాయిస్ వల్ల, అంటే అడ్డదిడ్డంగా పడే చుక్కల మచ్చల వల్ల, గరుకుగానే ఉంది. వాటిని సిరిల్ సాఫ్ట్‌వేర్‌లో చుక్కకు చుక్క సరిపోయేలా పేర్చి సగటు తీసినప్పుడు, నెబ్యులా వెలుగు అన్నింటిలోనూ ఒకే చోట ఉన్నందున నిలిచిపోయింది. చిత్రానికొక తీరుగా మారే ఆ గరుకు మాత్రం, 144కు వర్గమూలం 12 కనుక, దాదాపు 12వ వంతుకు తగ్గింది.

అసలు పరీక్ష స్ట్రెచింగ్ దగ్గర, అంటే చిత్రంలోని మసక వెలుగును పెంచే దశలో, ఎదురైంది. అంచుల్లోని పలుచని ఎరుపు రెక్కను పైకి తేవాలని వెలుగును సర్దే కర్వ్‌ను కొంచెం లాగగానే నడిమి భాగమంతా తెల్లబడి, ట్రపీజియం నక్షత్రాల గుంపు అందులో మునిగిపోయింది. మూడు రాత్రులు దానితోనే గడిచాయి. చివరికి 5 సెకన్ల చొప్పున విడిగా తీసిపెట్టుకున్న చిత్రాలను మాస్క్ వేసి, అంటే మిగతా భాగం మారకుండా కప్పి, నడుమ కలిపాను. నాయిస్ తగ్గించే సాధనాన్ని చాలా పొదుపుగా వాడాను. అది మితిమీరితే నెబ్యులా మైనంలా నున్నబడుతుంది, అటువంటి చిత్రం ఎంత అందంగా ఉన్నా నా మనసు ఒప్పుకోదు.

నిన్న రాత్రి అమ్మ తెరపై ఆ ఎరుపును వేలితో చూపి, "ఇది నువ్వు వేసిన రంగా?" అని అడిగింది. కాదమ్మా, అది హైడ్రోజన్ వాయువు వెలుగు, దాదాపు 1,340 ఏళ్ల క్రితం అక్కడ బయలుదేరింది అని చెప్పాను.