అంచు దొరికేదాకా

పురీషనాళంలో, అంటే పెద్దపేగు చివరి భాగంలో, ఉన్న కణితి క్యాన్సరేనని బయాప్సీలో తేలిన రోజు నాకు తోచింది ఒక్కటే, వెంటనే కోసి తీసేయాలని. డాక్టరు గారు మాత్రం ఎంఆర్ఐ చూసి, ముందు రేడియేషన్, ఆ తర్వాత కొన్ని వారాలు ఆగి ఆపరేషన్ అన్నారు. పరిస్థితి చేయి దాటిపోయిందేమో, అందుకే కోయడం లేదేమో అనుకున్నాను. రెండు రాత్రులు నిద్ర లేదు.

మూడో రోజు వెళ్ళి అడిగేశాను: “ముందే కోస్తే నష్టం ఏమిటండీ?” ఆయన కాగితం మీద గిన్నెలాంటి కటి ఎముకలు గీశారు. లోపల పేగు, దాని చుట్టూ కొవ్వు పొర, ఆ పొర అంచును దాదాపు తాకుతున్న నా కణితి. “ఇప్పుడు కోస్తే ఇక్కడ కొన్ని కణాలు మిగిలిపోవచ్చమ్మా. కణితిని కుదిస్తే, అది తాకని శుభ్రమైన అంచు మనకు దొరుకుతుంది.” జర్మనీ పరిశోధన ఒకటి 2004లో వెలువడిందట. కీమోతో కలిపి రేడియేషన్‌ను ఆపరేషన్‌కు ముందు ఇస్తే, ఐదేళ్ళలో అదే చోట తిరగబెట్టింది 6 శాతం మందికి. తర్వాత ఇస్తే 13 శాతం మందికి. ఆ మాటతో కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

తర్వాత నేనే చదవడం మొదలుపెట్టాను. రేడియేషన్‌ను ఐదు రోజుల్లో 25 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) ఇచ్చి ముగించే పద్ధతి స్వీడన్ నుంచి ఎప్పుడో వచ్చింది. దాని తర్వాత నెలల తరబడి కీమో ఇచ్చి అప్పుడు ఆపరేషన్ చేసిన రాపిడో పరిశోధన 2021లో వెలువడింది. అందులో కణితి పూర్తిగా కరిగినవారు 28 శాతం, వారాల తరబడి రేడియేషన్ ఇచ్చే పాత పద్ధతిలో 14 శాతం. మరి నాకు 28 రేడియేషన్ సిట్టింగులు ఎందుకని డాక్టరు గారిని అడిగాను. ఐదేళ్ళ ఫలితాల్లో ఆ కొత్త పద్ధతివారికి కటి భాగంలో తిరగబెట్టడం ఎక్కువగా కనిపించిందట, 6కు బదులు 10 శాతం. నా కణితి అంచునే ఉంది కాబట్టి ఆయన అందుకు ఒప్పుకోలేదు.

నన్ను ఎక్కువ కుదిపింది 2023 నాటి ప్రాస్పెక్ట్ పరిశోధన. ముప్పు తక్కువ ఉన్నవారికి ముందు కీమో మాత్రమే ఇచ్చి చూస్తే, రేడియేషన్ అవసరపడింది 9 శాతం మందికే. ఐదేళ్ళ ఫలితం మాత్రం తగ్గలేదు. నాకు 41 ఏళ్ళు. కటి భాగానికి ఇచ్చే ఆ మోతాదును అండాశయాలు తట్టుకోలేవని, నెలసరి ఆగిపోతుందని సంతకం చేసే కాగితంలో చదివి తెలుసుకున్నాను. ఆ మాట నోటితో ముందే చెప్పి ఉండాల్సింది. ఎవరిని రేడియేషన్ నుంచి తప్పించవచ్చో వెతికే పరిశోధన ఎంత విలువైనదో ఆ రోజు అర్థమైంది. ఆ జాబితాలో నేను లేను.

సిట్టింగు పది నిమిషాలే. కష్టమంతా అంతకుముందే. చిన్నపేగు పైకి జరిగి కిరణాలకు దూరంగా ఉండాలని, మూత్రాశయం నిండేదాకా నీళ్ళు తాగి కూర్చోవాలి. తర్వాత బల్ల మీద పడుకుంటే, తుంటికి రెండు వైపులా పొడిచిన నల్ల చుక్కల మీదికి లేజరు గీతలు వచ్చేలా నన్ను వెంట్రుకవాసి జరిపేవారు. నొప్పి ఉండదు. మూడో వారం నుంచి మాత్రం మంట, రోజుకు పదిసార్లు విరేచనానికి పరుగు. గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో కూర్చుంటేనే ఉపశమనం. ఉదయం, రాత్రి కీమో మాత్రలు. మొత్తం 50.4 గ్రే.

ముగిశాక ఎనిమిది వారాలు ఆగాం. కిరణాలు ఆగినా కణితి కరుగుతూనే ఉంటుందని చెప్పారు. పూర్తిగా కరిగితే ఆపరేషన్ లేకుండా గమనిస్తూ ఉండవచ్చని బ్రెజిల్ డాక్టరు ఏంజెలిటా హబ్ర్-గామా బృందం 2004లోనే చూపింది. ఆశపడ్డాను. రెండో ఎంఆర్ఐలో కణితి బాగా తగ్గింది, కాని పోలేదు.

ఆపరేషన్ అయిన పది రోజులకు పాథాలజీ రిపోర్టు వచ్చింది. డాక్టరు గారు ఫైలులోంచి ఆ పాత బొమ్మ తీసి, కణితి చుట్టూ చిన్న గీత గీశారు. అంచుకు 4 మిల్లీమీటర్ల ఎడం ఉంది.