తథాస్తు దేవతలు వింటారని

మా ఇంట్లో ఎవరి నోటైనా "చావు" అన్న మాట వచ్చిందంటే చాలు, "నోరు ముయ్యి, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు" అని అమ్మ గదిమేది. అదే అమ్మ రోజుకి పదిసార్లు "ఈ ఎండకి చచ్చిపోతున్నా", "ఈ చాకిరీతో చావొచ్చిపడింది" అనేది, అప్పుడు ఆ దేవతలు ఏ పనిమీద వెళ్ళేవాళ్ళో మరి. ఆ భయం నాలో ఇంకా ఉందని పోయిన డిసెంబర్‌లో తెలిసింది. విజయవాడలో ఒక శిక్షణలో కూర్చోబెట్టి, ఎదురుగా ఉన్న మనిషిని "మీకు చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడగమన్నారు. ఆయన నటిస్తున్నాడని తెలుసు. అయినా నాకు నోరు పెగల్లేదు.

నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. కాలేజీ నుంచి ఎవరో ఒకరు వెళ్ళాలి, ఆ వారం నాకు క్లాసులు తక్కువ, అందుకని నన్ను పంపారు. రెండు రోజులు, మధ్యాహ్నం భోజనం వాళ్ళదే, చివర్లో సర్టిఫికెట్. నా ఉత్సాహం అంతవరకే. వచ్చినవాళ్ళలో ఇద్దరు హాస్టల్ వార్డెన్లు, నలుగురు ఆశా కార్యకర్తలు, ఒక ఆర్టీసీ కండక్టరు, తెనాలి దగ్గర ఎరువులూ పురుగుమందుల షాపు నడిపే ఒకాయన ఉన్నారు. శిక్షణ ఇచ్చిన మేడమ్ సైకాలజిస్టు, మిగతా అందరం మామూలు జనమే. గేట్‌కీపర్ ట్రైనింగ్ అంటారట దీన్ని. అంటే మనం వైద్యం చెయ్యం, చచ్చిపోవాలనుకుంటున్న మనిషిని గుర్తుపట్టి, అడిగి, విని, వైద్యం దొరికే చోటికి చేర్చేదాకా పక్కన ఉంటాం.

ఇలాంటిదే మెంటల్ హెల్త్ ఫస్ట్ ఎయిడ్ అని ఇంకో కోర్సు ఉంది, అది 2000లో ఆస్ట్రేలియాలో మొదలైంది. బెట్టీ కిచెనర్ అనే నర్సు, ఆవిడ భర్త ఆంథొనీ జోర్మ్, ఇద్దరూ కుక్కని వాకింగ్‌కి తీసుకెళ్తూ అనుకున్నారట: గుండెపోటు వస్తే ఏం చెయ్యాలో మామూలు జనానికి నేర్పుతున్నాం కదా, మనసు కుప్పకూలితే ఏం చెయ్యాలో ఎందుకు నేర్పం అని. ఆవిడ స్వయంగా డిప్రెషన్ పడి లేచిన మనిషి.

మొదటిరోజు మేడమ్ బోర్డు దగ్గర నిలబడి, మీ దగ్గరికి ఎవరైనా కుంగిపోయి వస్తే మీరు ఏమంటారో చెప్పండి అంది. ఐదు నిమిషాల్లో బోర్డు నిండిపోయింది. ధైర్యంగా ఉండు. నీకేం తక్కువ? మా రోజుల్లో అయితేనా. మీ అమ్మానాన్నల గురించి ఆలోచించావా? దేవుడున్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోయింది, నేను చెప్పినవి మూడూ పోయాయి. "అమ్మానాన్నల గురించి ఆలోచించావా" దగ్గర నేను వాదనకి కూడా దిగాను. ఆవిడ ఒకటే అంది, వాడు ఆలోచిస్తున్నదే అది, నేను లేకపోతే వాళ్ళకి బరువు తగ్గుతుందని, మీరు మళ్ళీ అదే చోట పొడుస్తున్నారు.

తర్వాత జంటలుగా కూర్చుని, మూడు నిమిషాలు సలహా ఇవ్వకుండా వినాలి. యాభై నిమిషాలు ఆపకుండా మాట్లాడినందుకు జీతం తీసుకునేవాడిని నేను! నలభై సెకన్లకే "చూడండీ, నా మాట విని..." అని మొదలెట్టేశాను. నా జంట షాపాయన. తన వంతు వచ్చినప్పుడు ఎంత నిమ్మళంగా విన్నాడంటే, నేను నటించడం మర్చిపోయి నిజంగానే మా తమ్ముడితో ఉన్న ఆస్తి గొడవ చెప్పేశాను. ఎలా నేర్చుకున్నారండీ అంటే నవ్వాడు. "రైతు షాపుకొచ్చి మందు పేరు చెప్పడు మాస్టారూ, ముందు కష్టం చెప్తాడు." కొన్నేళ్ళ కిందట పొలంలో పైరే లేని రోజుల్లో ఒక పెద్దాయన వచ్చాడట. ఏ పంటకి బాబాయ్ అని అడిగితే జవాబు లేదు, మొహం చూస్తే తేడాగా ఉంది. ఈయన మందు ఇవ్వలేదు, స్టూలు వేసి టీ తెప్పించి, ఆయన కొడుకు వచ్చేదాకా మాటల్లో పెట్టాడు. ఈ సంగతి చెప్పి, "అయితే తిన్నగా అడగాలని నాకూ తెలీదండీ, ఇవాళే తెలిసింది" అన్నాడు.

తిన్నగా అడగడం. అన్నిటికన్నా ఎక్కువసేపు దీనిమీదే గడిచింది. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనందరి భయం. పుట్టదు, పైగా చాలామందికి అమ్మయ్య ఒకళ్ళైనా అడిగారు అనిపిస్తుందట. మరి ఏ మాటల్లో అడగాలి? "అలాంటి పిచ్చి ఆలోచనలేమీ లేవుగా" అని కండక్టరు అడిగి చూశాడు. అలా అడిగితే ఎవరైనా లేవనే చెప్తారు. "ఏదైనా అఘాయిత్యం..." అంది ఒక ఆశా అమ్మాయి. ఇది పేపర్ల భాష. అఘాయిత్యానికి పాల్పడ్డాడు అని రాస్తారు, పాల్పడడం నేరానికి వాడే మాట. ఆత్మహత్యాయత్నం చట్టంలోనూ చాలాకాలం నేరమే కదా, ఐపీసీ 309 సెక్షన్ కింద. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం వచ్చాక, ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు అన్నారు. 2024 జులైలో ఐపీసీ బదులు అమల్లోకి వచ్చిన కొత్త న్యాయ సంహితలో ఆ పాత సెక్షన్ లేదు. మాట మాత్రం పేపర్లలో అలాగే ఉంది.

జింబాబ్వే సంగతి కూడా మేడమే చెప్పింది. డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు 2006లో హరారేలోని ఎంబారే అనే పేటలో పద్నాలుగు మంది అవ్వలకి నేర్పి, ఆసుపత్రి ఆవరణలో చెక్క బెంచీల మీద కూర్చోబెట్టాడు. వాళ్ళు డిప్రెషన్ అనరు, తమ షోనా భాషలో కుఫుంగిసిస అంటారు, అతిగా ఆలోచించడం అని. మా అత్తయ్య "దానికి ఆలోచనలు ఎక్కువైపోయాయి" అనేది, అదే మాట! తర్వాత 573 మందితో పరీక్షించి చూస్తే, అవ్వలతో కూర్చున్నవాళ్ళు మామూలు వైద్యం అందినవాళ్ళకంటే బాగా తేరుకున్నారని 2016లో తేలింది. అయితే అది వారాల తరబడి కూర్చునే పని, మా రెండు రోజుల సర్టిఫికెట్‌తో పోల్చలేం. మెంటల్ హెల్త్ ఫస్ట్ ఎయిడ్ మీద జరిగిన పరిశోధనల్లో నేర్చుకున్నవాళ్ళకి అవగాహన, ధైర్యం పెరుగుతాయని తేలిందిగానీ, అవతలి మనిషికి ఎంత మేలు జరిగిందో అంత గట్టిగా తేలలేదట. మేడమ్ దాన్ని దాచకుండా చెప్పడం నాకు నచ్చింది.

ఏప్రిల్‌లో రిజల్ట్స్ వచ్చాయి. ఒక కుర్రాడు (వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను) సాయంత్రం వాట్సాప్‌లో "అన్నిటికీ థాంక్యూ సార్, ఏమైనా తప్పు చేసుంటే సారీ" అని పెట్టాడు. ఫెయిల్ కాలేదు వాడు. డిసెంబర్‌కి ముందైతే ఒక దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకునేవాడిని. దేశంలో 2022లో ఆత్మహత్యతో పోయినవాళ్ళలో విద్యార్థులు 13,044 మంది, శిక్షణలో రాసుకున్న ఆ అంకె ఎందుకో అప్పుడే గుర్తొచ్చింది. ఫోన్ చేశాను. అదీ ఇదీ మాట్లాడాక, "ఏరా... నీకు చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అన్నాను. గొంతు వణికింది, ప్రాక్టీసు చేసిందేమీ గుర్తులేదు. చాలాసేపటికి "ఊఁ" అన్నాడు.

ఇంట్లో ఒక్కడే ఉన్నాడు, అమ్మానాన్నలు పెళ్ళికి వెళ్ళారు. వాళ్ళకి చెప్పనని ఒట్టెయ్యమన్నాడు. ఒట్టు మాత్రం వెయ్యొద్దని మాకు మరీ మరీ చెప్పారు. "ఒట్టెయ్యను నాన్నా, మీ నాన్నకి చెప్తాను, చెప్పేముందు నీకే చెప్తున్నా" అన్నాను. తిట్టాడు, తిట్టనిచ్చాను. మా ఆవిడ తన ఫోన్‌లో వాళ్ళ నాన్నని పట్టుకుంది, ఎదురింటావిడ వచ్చి వాడి పక్కన కూర్చునేదాకా నేను లైన్లోనే ఉన్నాను. మర్నాడు పెద్దాసుపత్రిలో సైకియాట్రీ డాక్టరుకి చూపించారు. వాడు నన్ను బ్లాక్ చేశాడు, ఇప్పటికీ తియ్యలేదు.

నాకు మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. వాడు ఫోన్ ఎత్తకపోయుంటే అనే ఆలోచన. నాలుగో రాత్రి 14416కి చేశాను, టెలీ మానస్. 2022 అక్టోబర్ నుంచి నడుస్తున్న ప్రభుత్వ నంబరు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు. వాడి గురించి అడుగుదామని చేశాను, ఫోన్ ఎత్తినావిడేమో నా నిద్ర గురించి, తిండి గురించి అడిగింది. ఆ తర్వాత, అన్నం తిన్నారా అన్నంత మామూలుగా, "సార్, మీకు బతకాలని లేదు, చచ్చిపోవాలి అనిపిస్తోందా?" అంది.

లేదమ్మా అన్నాను. ఆ మాటలు మళ్ళీ ఒకసారి చెప్పమని అడిగి, చేతికి దొరికిన రికార్డు పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నాను.